జేబుకత్తులు ఎలా పోతాయో తెలిస్తే ఏది కొనాలో తెలుస్తుంది

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. ఉద్యాన శాఖలో కొత్తగా చేరారు. రోజూ తోటల వెంట తిరగాలి. జేబులో ఒకే ఒక్క మడతకత్తి ఉండాలి, మళ్లీ జన్మలో ఇంకొకటి కొనే పని పడకూడదు. మూడింటి మధ్య ఊగుతున్నారు: 10 సెంటీమీటర్ల బ్లేడు, తెరిచాక అది మూసుకోకుండా పట్టి ఉంచే లాకు, నల్ల పూత ఉన్న ‘మిలిటరీ’ రకం ఒకటి, ఎస్30వి అనే ఖరీదైన ఉక్కుతో చేసినది ఇంకొకటి, నీటి అలల్లాంటి గీతలున్న ‘డమాస్కస్’ కత్తి మూడోది. నన్నడిగితే మూడూ వద్దు. కారణం చెబుతాను, కొంచెం పొడుగవుతుంది.

నేను ఇదే శాఖలో 34 ఏళ్లు పనిచేసి 2021లో రిటైరయ్యాను. మొదటి జేబుకత్తి 1987లో, ఉద్యోగంలో చేరిన నెలలోనే కొన్నాను. ఇప్పుడు నా జేబులో ఉన్నది ఆరోది. అంటే ‘ఇక ఇదే జీవితాంతం’ అనుకుని కొన్నవి ఐదు పోయాయి. మొదటిది బస్సు సీటులో కూర్చున్నప్పుడు ప్యాంటు జేబులోంచి జారిపోయింది. రెండోది అనంతపురం జిల్లాలో ఒక బత్తాయి తోటలో గడ్డిలో పడింది. ముగ్గురం గంటసేపు వెతికాం. పిడి నలుపు, నేల తడి, పొద్దు వాలుతోంది, ఇక దొరుకుతుందా? మూడోదాన్ని ఒక విమానాశ్రయంలో తనిఖీ బల్ల పక్కనున్న డబ్బాలో వేసి రావలసి వచ్చింది. తప్పు పూర్తిగా నాదే, ముందు రోజు రాత్రి సంచి సర్దుకున్నప్పుడు మరిచిపోయాను. నాలుగోదాన్ని వీధిలో సాన పట్టే చక్రానికి ఇచ్చి నేనే చంపుకున్నాను. ఐదోదానితో రంగు డబ్బా మూత పెకలించబోతే మొన పుటుక్కున విరిగింది.

ఈ ఐదింటిలో ఉక్కు నాసిరకం కావడం వల్ల పోయినది ఒక్కటీ లేదు. తోటి ఉద్యోగుల కత్తుల కథలు విన్నా ఇంతే. మరి కొనేవాళ్లందరూ గంటల తరబడి చదివేది ఉక్కు గురించే! కత్తి దేనివల్ల పోతుందో దానికి మందు ఆలోచించి కొనాలి తప్ప, దేనివల్ల పోదో దానికి డబ్బు పోయడం దండగ.

ముందుగా పారేసుకోవడం సంగతి. పెద్ద కత్తి పోగొట్టుకోవడం కష్టం కదా అనిపిస్తుంది. కానీ పెద్ద కత్తి వేరే విధంగా పోతుంది. మొదటి వారం జేబులో ఉంటుంది, రెండో వారం బండి డిక్కీలోకి వెళ్తుంది, మూడో నెలకు ఇంట్లో సొరుగు చేరుతుంది. 150 గ్రాముల ఇనుము తొడకు తగులుతుంటే ఎవరికైనా విసుగే. పైగా మన ప్యాంటు జేబుల లోపలి గుడ్డ పలచన, ఆరు నెలల్లో చిల్లు పడుతుంది. కత్తి 50, 60 గ్రాములు దాటకూడదని నా అనుభవం. వేసుకున్నట్టు తెలియకూడదు. రంగు కూడా చూడండి. నల్ల కత్తి ఫొటోలో బాగుంటుంది, తోటలో మాయమవుతుంది. ఎరుపు గానీ, తళతళలాడే వెండి రంగు గానీ ఆకుల మధ్య కంటికి ఆనుతుంది. పిడి చివర చిన్న రింగు ఉంటే దానికి జానెడు పసుపు రంగు తాడు కట్టండి. ఈ తాడు నా ఆరో కత్తిని కనీసం నాలుగు సార్లు కాపాడింది. ఒకసారి కాలువ గట్టున, ఒకసారి పెళ్లి భోజనాల దగ్గర, తక్కిన రెండూ గుర్తులేవు.

ఇక లాక్కోవడం. మన ఆయుధ చట్టం 1959 నాటిది. దాని కింద వచ్చిన నియమాలు 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న బ్లేడును ఆయుధంగా లెక్కిస్తాయి. ఇంటిపని, వ్యవసాయం, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు తయారైనవాటిని మినహాయిస్తాయి. ఆ లెక్కన జేబుకత్తికి ఇబ్బంది లేదు. అయితే ఒక్కో ప్రాంతంలో అదనపు ఆంక్షలుంటాయి. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ ఒకటి ఉంది. స్ప్రింగు, బటన్ వంటి యంత్రాంగంతో తెరుచుకునే లేదా మూసుకునే కత్తుల బ్లేడు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు, లేదా అంతకు మించి ఉంటే అది చిక్కే. మీ అన్నయ్య లండన్‌లో ఉన్నారని, రెండేళ్లలో మీరూ చదువుకు వెళ్లవచ్చని రాశారు. అక్కడ కారణం చూపకుండా బయట దగ్గర ఉంచుకోగలిగేది 3 అంగుళాలు మించని, లాకు లేని మడతకత్తి ఒక్కటే. మూడంగుళాలంటే అదే 7.62 సెంటీమీటర్లు. మీరు చూసిన 10 సెంటీమీటర్ల లాకు కత్తి అక్కడ దిగగానే నేరం మోసుకు తిరిగినట్టు.

చట్టం ఒక ఎత్తు, చుట్టూ ఉన్న మనుషుల చూపు ఇంకో ఎత్తు. రైతు ఇంటి అరుగు మీద కూర్చుని జామకాయ కోసి పిల్లలకు పంచాలనుకోండి. ఒంటి చేత్తో ‘టక్’మని తెరుచుకునే నల్ల కత్తి తీస్తే ఆ పిల్లల తల్లి ముఖం మారుతుంది. నేను కళ్లారా చూశాను. జామకాయకు అంత కత్తి అంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. గోటితో లాగి తెరిచే చిన్న ఎర్ర కత్తిని ఎవరూ పట్టించుకోరు. పదిమందిలో తీయడానికి సంకోచించే కత్తి వాడకం తగ్గి, చివరికి ఇంట్లోనే ఉండిపోతుంది.

విమానం విషయంలో మాత్రం ఏ కత్తి అయినా ఒకటే. చేతి సంచిలో వద్దు, కింద వేసే పెట్టెలో పెట్టండి. పెట్టె లేకపోతే ఇంట్లో వదలండి. నేను ఇప్పుడు టికెట్టు కొన్న రోజే ఫోనులో ‘కత్తి తీసెయ్’ అని అలారం పెట్టుకుంటున్నాను.

లాకు లేకపోతే వేలి మీద మూసుకోదా అని మీ భయం. న్యాయమైన భయమే. లాకు లేని రకంలో బ్లేడును తెరిచి పట్టి ఉంచేది వెనక ఉన్న స్ప్రింగు పట్టీ బలం ఒక్కటే. వాదరతో, అంటే పదునున్న అంచుతో, కోస్తున్నంతసేపు ఆ ఒత్తిడి బ్లేడును ఇంకా తెరిచే వైపే నెడుతుంది, ప్రమాదం లేదు. మొనతో పొడవడం, గుచ్చి తిప్పడం, వీపు మీద కొట్టడం చేస్తే మూసుకుంటుంది. ఆ పనులు జేబుకత్తివి కావు. కొమ్మ నరకాలంటే సికేటరు కత్తెర ఉంది, రంపం ఉంది. మడతకత్తికి ఎంత గొప్ప లాకు పెట్టినా అది మధ్యలో కీలున్న కత్తే. నిజంగా బరువు పని ఉంటే ఊళ్లో కమ్మరి చేత లారీ కమాను పట్టీతో ఒక చిన్న ఒరకత్తి చేయించుకుని బండిలో పెట్టుకోండి. ఆ ఉక్కు దెబ్బకు ఆగుతుంది, ధర కూడా తక్కువే.

మీరు ప్రస్తావించని విషయం ఒకటి ఉంది, మీ వృత్తిలో అదే ముఖ్యం. జేబుకత్తితో అంటు కట్టకండి. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు, ఉద్యానం వాళ్ల జేబులో మాత్రం ఇమడాలి. అంటుకత్తికి వాదర ఒకవైపే ఏటవాలుగా ఉంటుంది, రెండోవైపు చదును. అందువల్లే మామిడి కొమ్మను మేకులా చెక్కినప్పుడు కోత ముఖం నున్నగా, గుంట పడకుండా వస్తుంది, రెండు బెరడులూ సందు లేకుండా కలుస్తాయి. వాదర రెండు వైపులా ఏటవాలుగా ఉన్న మామూలు జేబుకత్తి చెక్కలోకి దిగుతూ దిగుతూ బయటికి జారిపోతుంది, కోత వంకర తిరుగుతుంది. కడియం నర్సరీల్లో రోజంతా అంటు కట్టే వాళ్ల చేతిలో కత్తి చూడండి. దానితో వాళ్లు తాడు ముక్క కూడా కోయరు. ఇంకో కారణం తెగుళ్లు. గజ్జి పట్టిన నిమ్మ కొమ్మను కోసిన బ్లేడుతోనే పక్క చెట్టును తాకితే ఆ బాక్టీరియాను మీరే మోసుకెళ్లినట్టు. అంటుకత్తినైతే చెట్టు చెట్టుకూ స్పిరిటుతో తుడుస్తాం. తినే పండు కోసే కత్తికి ఆ పని ఎందుకు తగిలించాలి? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

ఉక్కు గురించి కూడా చెప్పాలి, అడిగారు కాబట్టి. ఎస్30వి మంచి ఉక్కే. ఎక్కువ కాలం పదును నిలుపుతుంది, అందుకు కారణం అందులోని వెనేడియం కార్బైడు రేణువులు. చిక్కేమిటంటే ఆ రేణువులు మన హార్డువేరు దుకాణంలో దొరికే సాన రాళ్ల కంటే కూడా గట్టివి కావచ్చు. మొద్దుబారిననాడు వజ్రపు పొడి అద్దిన పలక కావాలి. అది లేనివాళ్లు ఆ కత్తిని మొద్దుగానే మోస్తుంటారు. నేను అలాంటి ముగ్గురిని ఎరుగుదును. దీనికి ఎదురుగా స్విట్జర్లాండు విక్టోరినాక్స్ వారి పెద్ద బ్లేడు కాఠిన్యం రాక్‌వెల్ కొలతలో 56 దగ్గర ఉంటుంది. తక్కువని నిపుణులు పెదవి విరిచే అంకె అది. కానీ ఐదు నిమిషాల్లో ఏ రాయి మీదైనా పదునెక్కుతుంది, రాయి లేకపోతే పింగాణీ కప్పు అడుగున మెరుపు పూత లేని గరుకు అంచు మీదైనా సరే. తుప్పు పట్టదు. పల్లెల్లో తిరిగేవారికి ఇదే సరైన ఉక్కని నా లెక్క.

తుప్పు పట్టే కార్బన్ ఉక్కుకు నేను శత్రువును కాను. వాటి పదునే వేరు. కానీ మామిడికాయ సొన, నిమ్మరసం తగిలాక తుడవడం అరగంట ఆలస్యమైతే బ్లేడు నల్లబడుతుంది. కోసిన పండు ముక్కకూ ఇనుము వాసన తగులుతుంది. ఫ్రాన్సులోని సవోయ్ ప్రాంతంలో 1890లో జోసెఫ్ ఓపినెల్ మొదలుపెట్టిన కత్తులు ఇందుకు మంచి ఉదాహరణ. బీచ్ కర్ర పిడి, పలచని బ్లేడు, చేతిలో పక్షి ఈకలా తేలిక. కార్బన్‌లోనూ, స్టెయిన్‌లెస్‌లోనూ దొరుకుతాయి. దాని పలచదనం వల్ల ఉల్లిపాయ, ఆపిలు కోసినంత హాయి ఇంకే జేబుకత్తిలోనూ ఉండదు. మరి ఎందుకు సిఫారసు చేయను? ఆ కర్ర తడి పీల్చి ఉబ్బుతుంది. కోస్తాలో ఆషాఢం వచ్చిందంటే బ్లేడు పిడిలో బిగుసుకుని గోరు విరిగినా బయటికి రాదు. అవిసె నూనె పట్టిస్తే కొంత మేలు. ఎండ ప్రాంతంలో ఉండి, కొంచెం ముద్దుచేసే ఓపిక ఉన్నవారికి ఇవ్వదగిన కత్తి. మీకొద్దు. పైగా 1955 నుంచి వాటికి తిప్పే రింగు లాకు వచ్చింది, ఎనిమిదో నంబరు బ్లేడు 8.5 సెంటీమీటర్లు, కాబట్టి మీ లండన్ లెక్కకూ సరిపోదు.

డమాస్కస్ గురించి రెండు ముక్కలు. పాత రోజుల్లో ఆ పేరు మోసిన ఖడ్గాలకు ముడిసరుకు మూసలో కరిగించిన ఉక్కు. మన నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం ఆ ఉక్కుకు పేరుపొందిన ఊరు. ఇప్పుడు ఆ పేరుతో అమ్మేది రెండు రకాల ఉక్కు పొరలు కలిపి సాగగొట్టి, ఆమ్లంలో ముంచి గీతలు తేల్చినది. మంచి పనివాడు చేస్తే అందమైన వస్తువే. చవకగా దొరికేవాటిలో కొన్నింటికి గీతలు పైపూత మాత్రమే, రాయి మీద రెండుసార్లు రుద్దితే పోతాయి.

సరే, ఏది కొనాలి? విక్టోరినాక్స్‌లో గీతలు నొక్కిన అల్యూమినియం పిడి ఉన్న రకాలను ‘అలాక్స్’ అంటారు. అందులో 84 మిల్లీమీటర్ల ‘క్యాడెట్’, 93 మిల్లీమీటర్ల ‘పయొనీర్’ రెండూ చేతిలో పట్టి చూసి ఒకటి తీసుకోండి. క్యాడెట్ పలచన, చొక్కా జేబులో కూడా ఇమిడిపోతుంది. పయొనీర్ చేతికి నిండుగా ఉంటుంది, రంధ్రాలు పొడిచే దబ్బనం లాంటి మొన అదనం. నా ఆరో కత్తి పయొనీరే. కాగితం మీద అది నేను చెప్పిన బరువు గీత కాస్త దాటుతుంది, ఆ ఒక్క తప్పు నేను చేశాను, దబ్బనం కోసం. డ్రిప్పు గొట్టానికి తాత్కాలికంగా చిల్లు వేయడం, గోనెసంచి కుట్టు విప్పడం, చెప్పు తెగితే దారం దూర్చడం, అన్నీ దానితోనే. ప్లాస్టిక్ పిడి ఎర్ర రకాలూ ఎండకు బాగానే ఆగుతాయి, కిందపడితే మాత్రం పెచ్చు లేస్తుంది. పది, పదిహేను పరికరాలున్నవి కొనకండి. లావైపోయి జేబుకు భారం, వాటిలో వాడేది మూడే. ఆ కంపెనీ 1884లో కార్ల్ ఎల్సెనర్ పెట్టినప్పటి నుంచి చేస్తున్నది ఈ పనే. తయారీ లోపాలకు జీవితకాలం హామీ ఇస్తారు. నకిలీలు బాగా తిరుగుతున్నాయి కాబట్టి బిల్లు ఇచ్చే చోటే కొనండి. తెరిచినా మూసినా బ్లేడు ‘టక్’మని కూర్చోవాలి, పక్కకు ఊపితే ఊగకూడదు, వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే స్ప్రింగు పట్టీకీ పిడి లోపలి పొరలకూ మధ్య సందు కనిపించకూడదు.

ఇప్పుడు అసలు విషయానికి, సానకు వస్తాను. జీవితాంతం నిలవడమన్నది కొనడం దగ్గర కాదు, ఇక్కడ తేలుతుంది. నా నాలుగో కత్తి సంగతి చెప్పాను కదా. చక్రం మీద పెట్టగానే నిప్పురవ్వలు ఎగిశాయి, చూడ్డానికి ముచ్చటగానే ఉంది. తీసి ఇచ్చేసరికి వాదర వెంట సన్నని నీలి రంగు. ఉక్కు 300 డిగ్రీల దరిదాపుల్లో వేడెక్కితే ఆ నీలం వస్తుంది. కత్తి గట్టిదనాన్ని అంతకంటే చాలా తక్కువ వేడిలో కుదిర్చి ఉంచుతారు. ఆ నీలం వచ్చినంత మేరా ఉక్కు మెత్తబడిపోయినట్టే. తర్వాత ఎంత నూరినా పదును రెండు రోజులు నిలిచేది కాదు. పైగా బ్లేడు మధ్యలో గుంట పడింది, పలక మీద పెడితే కింద వెలుతురు కనిపించేది. కాబట్టి మీ కత్తిని చక్రానికి ఇవ్వకండి. సాన పట్టేవాళ్లను ఏమీ అనవద్దు, వాళ్ల చక్రం కొడవళ్లకూ కత్తిపీటలకూ సరిపోతుంది.

హార్డువేరు దుకాణంలో ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు ఉన్న కార్బోరండం రాయి కొనండి. పది నిమిషాలు నీళ్లలో నానబెట్టి, తడిగుడ్డ మీద పెట్టండి, జారదు. ఎంత వాలులో పట్టాలన్నదే అందరికీ సందేహం. దానికొక సులువుంది. బ్లేడు వెడల్పు ఎంతో చూసి, అందులో మూడో వంతు ఎత్తుకు వీపును రాయి నుంచి లేపండి. వెడల్పు 13 మిల్లీమీటర్లయితే నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు. అది సుమారు 20 డిగ్రీలవుతుంది, జేబుకత్తికి అదే చాలు. నాలుగో వంతు లేపితే 15 డిగ్రీలు, ఇంకా పదునెక్కుతుంది కానీ త్వరగా చెడుతుంది. వాలు కుదిరిందో లేదో తెలియకపోతే వాదర పక్కన మార్కరు పెన్నుతో నల్లగా పూసి రెండుసార్లు రుద్దండి. సిరా ఎక్కడ చెరిగిందో అక్కడే రాయి తగులుతోంది. వాదర దగ్గర సిరా మిగిలితే వీపును ఇంకొంచెం లేపాలి.

ఒకవైపే రుద్దుతూ ఉండండి, రెండో వైపున అంచుకు సన్నని ఇనుప పొర తేలేవరకు. కంటికి కనబడదు. వీపు వైపు నుంచి అంచు వైపుకు బొటనవేలితో మెల్లగా అడ్డంగా నిమిరితే గరుగ్గా తగులుతుంది. అంచు పొడవునా అది తగిలితేనే రెండో వైపుకు తిప్పండి. నేర్చుకునేవాళ్లలో నూటికి తొంభై మంది ఇక్కడే తొందరపడతారు, పొర తేలకముందే తిప్పేస్తారు, తర్వాత రాయి బాగాలేదంటారు. రెండు వైపులా అయ్యాక నునుపు ముఖం మీద బరువు వేయకుండా, ఒక్కో వైపు ఒక్కోసారి చొప్పున పదిసార్లు. చివరగా పాత తోలు బెల్టు లోపలి వైపున, వీపు ముందుగా వెళ్లేలా లాగండి. మంగలి కత్తిని తోలుపట్టీ మీద లాగడం చూసే ఉంటారు, అదే పద్ధతి. పండిన టమాటా మీద బ్లేడును నొక్కకుండా ఆనించి లాగితే తోలు తెగాలి. వారానికోసారి బెల్టు మీద లాగుతుంటే రాయి అవసరం మూడు నెలలకొకసారే. ఇలా చేస్తున్న నా కత్తికి ఈ ఏడాదితో పద్దెనిమిదేళ్లు. బ్లేడు వెడల్పు కొంచెం తగ్గింది, అంతే.

శుభ్రత విషయం చిన్నదే. పనస కోసేముందు వంటింట్లో చేసినట్టే బ్లేడుకు కాస్త నూనె రాయండి, జిగురు అంటుకోదు. అంటితే నూనెతోనే వదులుతుంది. కీలు దగ్గర దుమ్ము చేరి బిగుసుకుంటే గోరువెచ్చని సబ్బునీళ్లలో ముంచి పదిసార్లు తెరిచి మూసి, బాగా ఆరనిచ్చి, ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేయండి. ఆ కత్తితోనే పండు తింటారు కాబట్టి మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారాఫిన్ ఇంకా మేలు. వంటనూనెలు మాత్రం కీలులో వేయకండి, కొన్నాళ్లకు జిడ్డు గట్టిపడి బంకలా తయారవుతాయి. మూతలు పెకలించడానికి ఆ కత్తిలోనే సీసామూత తీసే పరికరం ఉంది, చివర చదునుగా, లావుగా ఉంటుంది. అది వంగినా పర్వాలేదు. బ్లేడు మొనను మాత్రం దేని కిందా దూర్చవద్దు.

ఒక్క సంగతి మిగిలింది. కొత్త కత్తి మొదటి నెలలో మిమ్మల్ని తప్పకుండా ఒకసారి కోస్తుంది. మూసేటప్పుడు చూపుడువేలు దారిలో ఉంటుంది, అందరికీ అక్కడే. పర్సులో ఒక ప్లాస్టరు పెట్టుకోండి.